నలభై ఐదు లోపే ఉన్నా సరేనా? నైట్రేట్ నీళ్లు, గర్భం, పుట్టే బిడ్డ

క్లుప్తంగా: తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం చెబుతుంది. పోతపాలు తాగే పసికందుల ప్రాణం కాపాడటానికి అమెరికాలో ఏడు దశాబ్దాల కిందట పెట్టిన హద్దే దీనికి మూలం. కడుపులో ఉన్న బిడ్డ సంగతి అప్పుడు లెక్కలోకి రాలేదు. గత పదేళ్లలో కాలిఫోర్నియా, డెన్మార్క్, అయోవాల నుంచి వచ్చిన అధ్యయనాలు ఆ హద్దు లోపల కూడా నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు కొంత పెరుగుతున్నాయని చూపించాయి. అవి తుది రుజువులు కావు. కానీ పక్కన పెట్టేంత చిన్నవీ కావు.

ఒక కాగితం, రెండు ప్రశ్నలు

బోరు నీళ్లు ల్యాబులో ఇస్తే ఒక కాగితం చేతికొస్తుంది. ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, గట్టిదనం, ఫ్లోరైడ్, క్లోరైడ్ అని వరసగా ఉంటాయి. ఎక్కడో మధ్యలో నైట్రేట్. దాని ఎదురుగా 38 అని, పక్క గడిలో పరిమితి 45 అని ఉందనుకుందాం. చూసినవాళ్లు "పరిమితి లోపే ఉంది" అని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు.

ఆ ఇంట్లో నెల తప్పిన కోడలు ఉంటే ఆ కాగితాన్ని ఇంకోసారి చదవాలి. 45 అనే అంకె జవాబు చెప్పే ప్రశ్న "ఈ నీళ్లతో కలిపిన పాలు తాగితే పసిబిడ్డ నీలంగా మారుతుందా" అన్నది. "ఈ నీళ్లు తాగే తల్లి కడుపులో బిడ్డకు ఏమవుతుంది" అన్న ప్రశ్నను ఆ అంకె ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నడుస్తున్న చర్చంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే.

అయోవాలో మొదలైన గీత

అమెరికా మధ్యలో ఉన్న అయోవా రాష్ట్రం మొక్కజొన్న, సోయాబీన్, పందుల పెంపకానికి పేరు. 1945లో అక్కడి వైద్యుడు హంటర్ కామ్లీ అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. పొలం ఇళ్ల నుంచి వచ్చిన పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతోంది. గుండెలో లోపమేమీ లేదు. చివరికి తీగ లాగితే అది పాలు కలపడానికి వాడిన బావి నీళ్ల దగ్గర తేలింది. ఆ నీళ్లలో నైట్రేట్ విపరీతంగా ఉంది. 'బ్లూ బేబీ' అన్న మాట అప్పటి నుంచే నైట్రేట్‌తో ముడిపడిపోయింది.

తర్వాత అమెరికా ప్రజారోగ్య సంఘం రాష్ట్రాలన్నిటి నుంచీ ఇలాంటి కేసుల వివరాలు రప్పించింది. 1951లో అచ్చయిన ఆ లెక్కలో 278 మంది పసిపిల్లలు, 39 మరణాలు ఉన్నాయి. నైట్రేట్ అమెరికా కొలతలో 10 లోపు ఉన్న చోట ఒక్క కేసూ కనిపించలేదు. దాంతో 10 దగ్గర గీత పడింది. 1962లో అమెరికా ప్రజారోగ్య విభాగం దాన్నే సిఫార్సు చేసింది. తర్వాత అది చట్టంలోకి వెళ్లింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం, మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం దాదాపు అదే చోట ఆగాయి.

కళ్ల ముందు పిల్లలు చనిపోతున్నప్పుడు వేసిన గీత అది. దానివల్ల ఎందరి ప్రాణాలో నిలిచాయి, అందులో సందేహం లేదు. కానీ అది పుట్టిన బిడ్డను చూసి, ఒకే ఒక జబ్బును చూసి, అప్పటికి బయటపడ్డ కేసులను మాత్రమే చూసి వేసిన గీత. గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు, అవయవ లోపాలు ఆ లెక్కలో లేవు.

10, 45, 50: మూడూ ఒకటే

ఇక్కడ చాలామంది తికమకపడతారు. అమెరికా పరిమితి 10 అని చదివి, మన దగ్గర 45 దాకా వదిలేశారని ఆగ్రహపడేవాళ్లు ఉన్నారు. నిజానికి రెండూ ఒకే గీత. అమెరికా వాళ్లు నైట్రేట్‌లోని నత్రజనిని మాత్రమే తూస్తారు. మనం నైట్రేట్ మొత్తాన్ని తూస్తాం. నత్రజని బరువు 14, మూడు ఆక్సిజన్లతో కలిపి నైట్రేట్ బరువు 62. అంటే అమెరికా అంకెను 4.43తో గుణిస్తే మన అంకె వస్తుంది. 10 అక్కడ ఉంటే ఇక్కడ 44 చిల్లర. ఐరోపా, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 50గా రాసుకున్నాయి.

ఈ లెక్క చేతిలో పెట్టుకోకుండా విదేశీ అధ్యయనాలు చదివితే తప్పుడు అర్థం వస్తుంది. మొదట చెప్పిన కాగితంలోని 38, అమెరికా కొలతలో 8.6 అవుతుంది. ఇక నుంచి ఈ వ్యాసంలో అంకెలన్నీ మన కొలతలోనే ఉంటాయి.

ఇప్పుడు మళ్లీ ఎందుకు చర్చ

2025 జూన్‌లో అయోవా రాజధాని డెమాయిన్ చుట్టుపక్కల సుమారు ఆరు లక్షల మందికి నీళ్లిచ్చే సంస్థ, పచ్చికకు నీళ్లు పెట్టడాన్ని నిషేధించింది. నీళ్లు లేక కాదు. రకూన్, డెమాయిన్ నదుల్లో నైట్రేట్ అంతగా పెరిగి, దాన్ని తీసే యంత్రాలు ఊరి వాడకానికి సరిపడా శుద్ధి చేయలేకపోయాయి. ఆ ఊళ్లో నైట్రేట్ తీయడానికే ప్రత్యేకంగా ఒక ప్లాంటు 1990ల తొలినాళ్ల నుంచి నడుస్తోంది. రెసిన్ గుళికల మధ్య నుంచి నీటిని పంపుతారు. గుళికలు నైట్రేట్‌ను పట్టుకుని బదులుగా క్లోరైడ్‌ను వదులుతాయి. గుళికలు నిండిపోతే ఉప్పునీటితో కడిగి మళ్లీ వాడతారు. దాన్ని నడిపిన ప్రతి రోజూ వేల డాలర్ల ఖర్చు.

నదిలోకి అంత నైట్రేట్ ఎలా వస్తుంది? అయోవా పొలాల కింద మూడు నాలుగు అడుగుల లోతున చిల్లుల గొట్టాలు పరిచి ఉంటాయి. పూర్వం మట్టి గొట్టాలు, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. చిత్తడి నేలను ఆరబెట్టి సాగుకు తేవడానికి వేసినవి. వాన పడితే మట్టిలో ఇంకిన నీళ్లు ఆ గొట్టాల్లోకి దిగి, పొలం గట్టున ఉన్న మూతి గుండా కాలువలోకి ధారగా పడతాయి. చూడటానికి ఆ ధార అద్దంలా ఉంటుంది. మట్టి లేదు, మురికి లేదు. పంట తీసుకోగా మిగిలిన నత్రజని మాత్రం అందులో కరిగి పోతూ ఉంటుంది. ఆ కాలువలు నడిపే మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) డ్రైనేజీ సంస్థల మీద డెమాయిన్ నీటి సంస్థ 2015లో కేసు వేసింది. 2017లో కోర్టు దాన్ని కొట్టేసింది.

అదే 2025లో జేసన్ సెంప్రీని అనే పరిశోధకుడి అధ్యయనం వెలువడింది. అయోవాలో 1970 నుంచి 1988 వరకు జరిగిన 3,57,741 కాన్పుల రికార్డులను, గర్భం దాల్చిన తొలి రోజుల్లో ఆ కౌంటీ పబ్లిక్ నీళ్లలో ఉన్న నైట్రేట్‌తో జతచేశారు. నైట్రేట్ 0.44 మిల్లీగ్రాములు దాటిన చోట నెలలు నిండని కాన్పులు 0.66 శాతం మేర ఎక్కువ. అంటే వెయ్యి కాన్పుల్లో అదనంగా ఆరేడు. నైట్రేట్ 22 దాటితే తక్కువ బరువుతో పుట్టినవాళ్లు వెయ్యికి అదనంగా ముగ్గురు. మొదటి అంకె పరిమితిలో నూరో వంతు, రెండోది సగం. చర్చ రేగింది అందుకే.

తల్లి ఒంట్లో ఏం జరుగుతుంది

నైట్రేట్ దానంతట అది పెద్దగా హాని చేయదు. తాగిన నీళ్లతో పేగుల్లోకి వెళ్లి, రక్తంలో కలిసి, అందులో కొంత లాలాజల గ్రంథుల ద్వారా మళ్లీ నోట్లోకి వస్తుంది. నాలుక వెనక భాగంలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. కథ అక్కడి నుంచి మూడు దారుల్లో నడుస్తుంది.

ఒకటి రక్తం దారి. హిమోగ్లోబిన్‌లోని ఇనుమును నైట్రైట్ మార్చేస్తుంది. అలా మారిన మెథమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మోసే శక్తి ఉండదు. దాన్ని తిరిగి మామూలు హిమోగ్లోబిన్‌గా మార్చే ఎంజైము పెద్దవాళ్లలో చాలినంత ఉంటుంది. పుట్టిన కొత్తలో పిల్లల్లో అది పెద్దవాళ్లలో సగమే. పైగా పసివాళ్ల రక్తంలో ఉండే గర్భస్థ హిమోగ్లోబిన్ త్వరగా మారిపోతుంది, వాళ్ల పొట్టలో ఆమ్లం తక్కువ కాబట్టి నైట్రైట్ చేసే బ్యాక్టీరియాకు చోటు దొరుకుతుంది. బ్లూ బేబీ వెనక ఉన్న కారణాలివి. గర్భిణుల్లో కూడా మెథమోగ్లోబిన్ మామూలు కంటే పెరిగి, ఏడో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది. కడుపులో బిడ్డకు ఆక్సిజన్ అవసరం పెరిగే సమయం కూడా అదే.

మన దగ్గర ఇక్కడ ఇంకో టెన్షన్ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైనే. 12 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న తల్లిలో కొంత పనికిరాకుండా పోవడం వేరు, 8 గ్రాములే ఉన్న తల్లిలో అంతే పోవడం వేరు. అమెరికా, డెన్మార్క్ ఫలితాలను ఇక్కడికి అన్వయించేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు.

రెండోది థైరాయిడ్ దారి. మెడలోని థైరాయిడ్ గ్రంథి రక్తం నుంచి అయోడిన్‌ను లాక్కునే ద్వారం ఒకటుంది. నైట్రేట్ అదే ద్వారంలోకి దూరి అయోడిన్‌కు అడ్డం పడుతుంది. గర్భం వచ్చిన మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పని మొదలుకాదు. మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను మొత్తం తల్లి నుంచే రావాలి. అయోడిన్ చాలినంత అందే తల్లికి ఈ అడ్డంకి చిన్నదే. ఉప్పులో అయోడిన్ అందని ఇంట్లో అది పెద్దదవుతుంది.

మూడోది నైట్రోసో పదార్థాల దారి. పొట్టలోని ఆమ్లంలో నైట్రైట్, మాంసకృత్తుల నుంచీ కొన్ని మందుల నుంచీ వచ్చే అమైన్లనే నత్రజని పదార్థాలతో కలిసి నైట్రోసో సమ్మేళనాలను పుట్టిస్తుంది. జంతువుల మీద ప్రయోగాల్లో ఇవి పిండానికి హాని చేశాయి. అవయవ లోపాల మీద అనుమానం ముఖ్యంగా ఈ దారి నుంచే వస్తుంది.

పాలకూరలో లేదా నైట్రేట్?

ఇది సహజంగా వచ్చే ప్రశ్న, మంచి ప్రశ్న కూడా. పాలకూర, తోటకూర, బీట్‌రూట్, ముల్లంగిలో నైట్రేట్ దండిగా ఉంటుంది. శుభ్రమైన నీళ్లు తాగేవాళ్ల ఒంట్లోకి చేరే నైట్రేట్‌లో ఎక్కువ భాగం కూరలదే. అయినా కూరలు తినే తల్లులకు ఈ ఇబ్బంది కనిపించదు.

ఎందుకంటే ఆకుకూర నైట్రేట్‌ను ఒక్కదాన్నే తీసుకురాదు. విటమిన్ సి, పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు వెంట తెస్తుంది. విటమిన్ సి నైట్రైట్‌ను పట్టుకుని, అది అమైన్లతో కలవకుండా ఆపుతుంది. నీళ్లలోని నైట్రేట్‌కు అలాంటి తోడు లేదు. కాబట్టి నైట్రేట్ భయంతో గర్భిణికి పాలకూర మాన్పించడం తలకిందుల పని. ఆకుకూరలో ఉండే ఫోలేట్, ఇనుము ఆమెకు అత్యవసరం. కూరలో నిమ్మకాయ పిండితే ఇంకా మంచిది.

అధ్యయనాలు చెప్పినవి, చెప్పలేనివి

అందరికీ గుర్తుండిపోయిన ఉదంతం అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, లాగ్రేంజ్ కౌంటీది. 1991 నుంచి 1994 మధ్య అక్కడ దగ్గర దగ్గర ఇళ్లలో ఉండే ముగ్గురు స్త్రీలకు కలిపి ఆరు గర్భస్రావాలయ్యాయి. ముగ్గురివీ సొంత బావులే. నీళ్లు పరీక్షిస్తే నైట్రేట్ 84 నుంచి 115 మధ్య తేలింది. వేరే నీళ్లు తాగడం మొదలుపెట్టాక ముగ్గురికీ నెలలు నిండి ఆరోగ్యంగా బిడ్డలు పుట్టారు. ముగ్గురితో రుజువు కాదు. కానీ నీళ్లు, నష్టం, నీళ్లు మార్చడం, కాన్పు అన్న ఆ వరస చదివిన ఏ డాక్టరునూ ఊరికే వదలదు.

పెద్ద అధ్యయనాల్లో కాలిఫోర్నియాది గట్టిది. 2021లో వచ్చింది. 2000 నుంచి 2011 వరకు సుమారు 14 లక్షల కాన్పులు. దాని బలం పోల్చిన తీరులో ఉంది. ఈ తల్లిని ఆ తల్లితో పోల్చలేదు. ఒకే తల్లి రెండు కాన్పులను పోల్చారు. పేదరికం, వంశం, తిండి అలవాట్లు రెండుసార్లూ దాదాపు అవే, మారింది నీళ్లలో నైట్రేట్. అది 44 దాటిన కాన్పులో 31 వారాల లోపే ప్రసవమయ్యే అవకాశం రెండున్నర రెట్లు. 22 నుంచి 44 మధ్య ఉన్నప్పుడు కూడా దాదాపు ఒకటిన్నర రెట్లు. ల్యాబు కాగితంలోని 38 పడేది ఈ రెండో వరుసలోనే. అంత ముందుగా పుట్టే బిడ్డ బతికి బట్టకట్టడానికి ఎంత పోరాడాలో ఆ ఇళ్లకు తెలుసు.

డెన్మార్క్‌లో సుమారు తొమ్మిది లక్షల జననాలను చూశారు. నైట్రేట్ 25 దాటిన నీళ్లు తాగిన తల్లుల బిడ్డలు సగటున పది గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. పది గ్రాములంటే రెండు చెంచాల పంచదార. ఒక్క బిడ్డకు అది లెక్కలోకి రాదు. దేశమంతటి సగటు కదిలిందంటే మాత్రం అంచున ఉన్న బిడ్డలు కొందరు 'తక్కువ బరువు' గీత కిందికి జారతారు. ఐరోపా పరిమితిలో సగం దగ్గరే ఈ తేడా మొదలవడం గమనించాలి.

అవయవ లోపాల మీద మొదట గట్టిగా అనుమానం లేపింది దక్షిణ ఆస్ట్రేలియా గ్రామాల్లో 1984 నాటి అధ్యయనం. 2013లో అయోవా, టెక్సస్ తల్లులతో చేసిన మరో అధ్యయనంలో, తాగునీటి ద్వారా రోజుకు 5 మిల్లీగ్రాములకు పైగా నైట్రేట్ తీసుకున్నవాళ్ల బిడ్డల్లో వెన్నుపాము లోపం, గ్రహణమొర్రి, అంగిలి చీలిక, కాళ్లూ చేతుల లోపాలు దాదాపు రెండు రెట్లుగా కనిపించాయి. 38 ఉన్న బోరు నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగే తల్లికి చేరేది 76 మిల్లీగ్రాములు.

ఇక లోపాలు కూడా చెప్పాలి. ఇలాంటి సంబంధమేదీ దొరకని అధ్యయనాలు కూడా ఉన్నాయి. అయోవా పరిశోధనలో ఏ తల్లి ఎన్ని నీళ్లు తాగింది, సొంత బావి ఉందా అన్నది తెలియదు. కౌంటీ మొత్తానికి ఒక కొలత వాడారు. నైట్రేట్ ఎక్కువున్న పల్లెల్లో పురుగుమందులు కూడా నీళ్లలో ఉంటాయి, కాబట్టి తప్పు ఎవరిదో విడదీయడం కష్టం. ఈ కారణాలతో "నైట్రేట్ వల్లే" అనడం తొందరపాటు. అదే కారణాలతో "ఏమీ కాదు" అనడం అంతకంటే పెద్ద తొందరపాటు. దేశాలు వేరు, పద్ధతులు వేరు, అయినా వేలు చూపించేది ఒకే వైపు.

మన బోర్లలో

యూరియాలో 46 శాతం నత్రజని. పొలంలో చల్లాక మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియంగా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. మట్టి రేణువులకు, నైట్రేట్‌కు ఒకే రకమైన ఋణ విద్యుదావేశం ఉండటంతో మట్టి దాన్ని పట్టుకోదు. పంట తీసుకోనిది నీటితో పాటు కిందికి దిగిపోతుంది. 45 కిలోల కట్ట 266 రూపాయల చిల్లరకు దొరుకుతుంటే, మిగతా ఎరువుల ధరలు దానికి ఎన్నో రెట్లుంటే, రైతు చెయ్యి యూరియా వైపే పోతుంది. తప్పు రైతు మీద తోసేయడం న్యాయం కాదు, ధరలే ఆ దారి చూపిస్తున్నాయి. దీనికి తోడు అడుగు కట్టని మరుగుదొడ్డి గుంతలు, ఇంటి పక్కనే పెంట దిబ్బలు. ఊరి నడుమ ఉన్న చేతిపంపులో పొలం బోరు కంటే ఎక్కువ నైట్రేట్ రావడానికి తరచూ కారణం ఇవే.

కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం 2023లో 440 జిల్లాల్లో నైట్రేట్ 45 దాటిన చోట్లు ఉన్నాయి. 2017లో అవి 359. దేశం మొత్తం మీద ప్రతి ఐదు నమూనాల్లో ఒకటి హద్దు దాటింది. రాజస్థాన్, కర్ణాటకలో దాదాపు సగం. తెలంగాణలో 27 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం పైన. పరిస్థితి తీవ్రంగా ఉన్న 15 జిల్లాల్లో రంగారెడ్డి, ఆదిలాబాద్, సిద్దిపేట, పల్నాడు పేర్లున్నాయి. ఈ లెక్కంతా 45 దాటినవాటిదే. 22కీ 45కీ మధ్య ఉన్న బోర్లు ఇందులో 'బాగున్నవి' కిందే జమ.

భారతదేశం మీదే 2014లో వెలువడిన ఒక ఆర్థిక శాస్త్ర అధ్యయనం కాలాన్ని పట్టి చూసింది. గోధుమ, వరి వేసే నెలలు రాష్ట్రానికో రకం, ఎరువులు నీళ్లలో కలిసే నెలలు కూడా అంతే. గర్భం దాల్చిన నెలలో నీటిలో వ్యవసాయ రసాయనాలు పది శాతం పెరిగితే, ఏడాది లోపు శిశు మరణాల అవకాశం నాలుగున్నర శాతానికి పైగా పెరిగిందని తేల్చింది. చదువు లేని, పేద పల్లె తల్లుల బిడ్డల మీదే దెబ్బ ఎక్కువ. అది నైట్రేట్ ఒక్కదాని లెక్క కాదు. అయినా అయోవాలో తేలినట్టే, ఇక్కడా తేడా గర్భం తొలి రోజుల దగ్గరే కనిపించింది.

కాచితే పోదు

కంటికి కనపడదు, వాసన రాదు, రుచి ఉండదు. కాచితే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్లలో నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. బొగ్గు ఫిల్టరు, యూవీ దీపం, క్లోరిన్ బిళ్ల దీన్ని తాకవు. ఫ్లోరైడ్ తీయడానికి నల్గొండ పేరుతో ప్రపంచమంతా తెలిసిన పటిక పద్ధతి కూడా దీనికి పనికిరాదు. పనిచేసేవి ఆర్వో, రెసిన్ పద్ధతి, స్వేదనం. ఆర్వో పొర మిగతా లవణాల్లో చాలావాటి కంటే నైట్రేట్‌ను కాస్త తక్కువగా ఆపుతుంది, పాతబడితే ఇంకా తక్కువ. కాబట్టి ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను నీళ్లను కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి. నది నుంచి వచ్చే కుళాయి నీళ్లు ఇంట్లో ఉంటే, బోరు నీళ్ల కంటే వాటిలో నైట్రేట్ సాధారణంగా తక్కువ. "బోరు నీళ్లే రుచి" అని కుళాయిని పాత్రలు తోమడానికి వదిలేసే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

పరీక్ష కష్టం కాదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లో మహిళలకు ఇచ్చే కిట్టులో నైట్రేట్ పరీక్ష ఉంది. చిన్న గొట్టంలో నీళ్లు పోసి, పొడి వేసి, కలిపి కొన్ని నిమిషాలు ఆగితే గులాబీ రంగు తేలుతుంది. రంగు ఎంత ముదిరితే నైట్రేట్ అంత. కార్డు మీద రంగులతో పోల్చి చూడటమే. వానలు పడ్డాక ఒకసారి, ఎండల్లో ఒకసారి చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది.

చిక్కంతా సమయం దగ్గర. చాలామంది గర్భిణుల పేరు రిజిస్టరులోకి ఎక్కేసరికి రెండో నెలో మూడో నెలో నడుస్తుంటుంది. బిడ్డ వెన్నుపాము మూసుకునేది గర్భం నిలిచిన నాలుగో వారం చివర్లో. పెదవి, అంగిలి, చేతులు, కాళ్లు రూపు దిద్దుకునేది ఆ వెంటనే. గర్భిణి కార్డులో బరువు, బీపీ, రక్తం శాతం రాయడానికి గడులున్నాయి, ఆమె తాగే బోరులో నైట్రేట్ ఎంతో రాయడానికి లేదు. నీళ్ల పరీక్షల రిజిస్టరు పంచాయతీలో ఒక బల్ల మీద, గర్భిణుల రిజిస్టరు ఉపకేంద్రంలో ఇంకో బల్ల మీద ఉంటున్నాయి. కొత్తగా పెళ్లయిన జంట ఉన్న ఇంటి బోరును ముందే పరీక్షించి, 22 దాటితే తాగడానికి, వంటకు వేరే నీళ్లు చూపించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఆ రెండు రిజిస్టర్లూ ఒకసారి పక్కపక్కన పెడితే చాలు.